కొలవని తల

రెండో రోజు పొద్దున కూడా చెల్లెలు టోపీతోనే టీ బల్ల దగ్గరికి వచ్చింది.

ముక్కు సగం దాకా దిగిపోయిన ఊదారంగు టోపీ. దాని కింద రెండు పెదాలు, చిన్న గడ్డం. మిగతా మనిషి ఉన్నట్టో లేనట్టో తెలియదు. మేడ మెట్లు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ దిగి, గోడ తడుముకుంటూ వచ్చి, కాలితో కుర్చీ వెతుక్కుని కూచుంది.

"టీ ఎడమచేతి పక్కన పెట్టానమ్మాయ్," అంది వదిన. "కుడి పక్కనున్నది మీ ఆయన మోచెయ్యి. చూసుకుని ఊదుకో."

మామూలు రోజైతే ఈ మాటకు చెల్లెలు తిరిగి రెండు వడ్డించేది. వదినా ఆడపడుచుల ఎకసెక్కాలు లేనిదే ఆ ఇంట్లో తెల్లవారదు. ఇవాళ మాత్రం పెదాలు కొంచెం కదిలాయంతే.

"కప్పు కనబడుతూనే ఉంది వదినా. కిందున్నవన్నీ కనబడతాయి. మనుషుల మొహాలే కనబడవు. హాయిగా ఉంది."

బల్ల చుట్టూ ఉన్న నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆమెకు కనబడదు కనక దొంగచాటుగా చూసుకోవలసిన పని కూడా లేకపోయింది.

ఆమె మొగుడు లిఫ్టుల మెకానిక్కు. రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోయినవాళ్ళకు బయటినుంచి ధైర్యం చెప్పి చెప్పి ఆయన గొంతు ఎప్పుడూ ఒకే మట్టంలో ఉంటుంది. ఆ గొంతుతోనే అన్నాడు: "నిన్న పొద్దున పెట్టుకున్నావు. రాత్రి పడకలోనూ తియ్యలేదు. తల ఉడికిపోదూ?"

"నా తలేగా."

"ఎల్లుండి ఆస్పత్రికి కూడా ఇలాగే వస్తావా?"

"ఎల్లుండి ఆస్పత్రికి రాను."

చెంచా కప్పుకు తగిలిన చప్పుడు గదంతా వినిపించింది.

తలలో గడ్డ తీసి పది నెలలయింది. ఆ పది నెలల్లో ఆమె ఒక్క తేదీ తప్పలేదు. సూదులకు వెళ్ళింది, కరెంటు పెట్టించుకోవడానికి వెళ్ళింది, వాంతులతో వెళ్ళింది, జ్వరంతో వెళ్ళింది. ఎల్లుండి సోమవారం తల స్కానింగు. అది శుభ్రంగా ఉంటే ఇక ఏడాదికోసారి వస్తే చాలన్నారు పెద్ద డాక్టరు. అంతా ఆ సోమవారం కోసమే ఊపిరి బిగబట్టుకుని ఉన్నారు.

"రావడం మానడం నీ ఇష్టమా?" అన్నాడు మెకానిక్కు. గొంతు మట్టం తప్పలేదు గానీ, రొట్టె విరిచిన చెయ్యి నోటిదాకా వెళ్ళకుండా ఆగిపోయింది.

"నా ఇష్టమే."

"కారణం?"

"టీ బాగుంది వదినా," అని ఆమె లేచింది. మెట్లు లెక్కపెట్టుకుంటూ పైకి వెళ్ళింది. పన్నెండు. పైన తలుపు మూసుకుంది.

బల్ల చివర కూచున్న అన్నగారు, టోపీల మేస్త్రి, తలెత్తలేదు. ఆ టోపీ కుట్టింది ఆయనే.

*

ఊళ్ళో ఏ తల మీద ఏ టోపీ ఉన్నా సగానికి సగం ఆయన చేతిదే. ఆయన పద్ధతి ఒకటుంది. తల చూడకుండా కత్తెర పట్టడు. మనిషిని కుర్చీలో కూచోబెట్టి, తల చుట్టూ వేలెడు వెడల్పు కాగితపు పట్టీ చుట్టి, నుదురు దగ్గర, చెవుల మీద, వెనక గుంట దగ్గర గుండుసూదితో గుచ్చుతాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. ఆ పట్టీ మీద మనిషి పేరు రాసి, గోడకున్న మేకుకు తగిలిస్తాడు. ఊరంతా ఆ గోడకు వేలాడుతూ ఉంటుంది. ఎంత పెద్ద అధికారైనా అక్కడ వేలెడు కాగితమే. "మనిషి మాట మారుస్తాడు, మొహం మారుస్తాడు. తల మాత్రం మార్చలేడు," అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు.

ఆస్పత్రిలో తల వార్డుకు ఒక సహాయ సంఘం ఉంది. రోగుల పక్కన తోడుండేవాళ్ళు వరండాలో నేల మీద పడుకుంటున్నారని, వాళ్ళకు నాలుగు గదులు కట్టాలని ఆ సంఘం 'టోపీ రోజు' పెట్టింది. ఆ రోజు ఊళ్ళో ఎవరు ఏ పని చేసినా టోపీ పెట్టుకునే చెయ్యాలి, తోచింది డబ్బాలో వెయ్యాలి. ఎంత వింత టోపీ పెడితే అంత ఘనత. పాలవాడు గంప బోర్లించినంత టోపీ చెప్పాడు. కోర్టు గుమాస్తా నెమలి రంగులో అడిగాడు. మేస్త్రి ఇరవై రోజులు టోపీలు మెత్తబరిచే ఆవిరి కెటిలు దింపలేదు.

ఆ సంఘం వేసిన పోస్టరు మీద చెల్లెలి బొమ్మే ఉంది. నెత్తికి స్కార్ఫు కట్టుకుని నవ్వుతున్న చెల్లెలు. కింద పెద్దక్షరాలతో: 'ఈమె బాగైంది. మీరు టోపీ పెట్టండి.'

నిన్న, శుక్రవారం, బడి మైదానంలో వేదిక. ఆమె చిన్నపిల్లల టీచరు కనక వేదిక అక్కడే పెట్టారు. అందరికన్నా ముందు ఆమె నడవాలి. అన్న కుట్టిన టోపీ, అరచెయ్యి వెడల్పు అంచు, ఊరు ఊరంతా చూసేది. పెట్టుకుని మెట్లెక్కింది. నమస్కారానికి కొంచెం వంగింది. అంతే, టోపీ జర్రున ముక్కు మీదికి దిగింది.

ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. తరవాత మైదానమంతా.

చెల్లెలు ఒక్క క్షణం రాయిలా నిలబడింది. ఆ తరవాత రెండు చేతులూ చాచి, గుడ్డివాడు వాగు దాటుతున్నట్టు, వేదిక ఈ చివరినుంచి ఆ చివరికి నడిచింది. మైకును తడిమి "క్షమించండి డాక్టరుగారూ, గుర్తు పట్టలేదు" అంది. జనం పొట్టలు పట్టుకున్నారు. ఈలలు వేశారు. ఏర్పాటు చేసుకున్న హాస్యం అనుకున్నారు. డబ్బాలు నిండాయి.

ఇల్లు చేరాక ఆమె టోపీ తియ్యలేదు. ఇదీ జరిగింది.

*

"ముక్కూ మొహం తెలియనివాడి తలైతే మూడుసార్లు కొలుస్తారు," అంది వదిన. దుకాణం తెరవలేదు. సగం ఎత్తిన షట్టరు కిందనుంచి వీధిలో పోయేవాళ్ళ కాళ్ళు కనబడుతున్నాయి. "తోడబుట్టినదాని తల ఒక్కసారి కొలవడానికి చేతులు రాలేదా మీకు?"

"పట్టీ ఉందిగా."

"ఎప్పటి పట్టీ అది? ఎనిమిదేళ్ళ కింద వానటోపీకి తీసింది. అప్పుడు దానికి జడేమిటి, ఇప్పుడు తలేమిటి? నెత్తిన పిడికెడు జుట్టుండి కొలిస్తే వచ్చిన కొలత, ఇప్పుడెలా సరిపోతుంది?"

"తల మారదనుకున్నా."

"అనుకోలేదు," అంది వదిన. ఆవిడ మాట గట్టిగా అనదు. మెల్లగా అంటుంది, అందుకే గుచ్చుకుంటుంది. "ఇరవై రోజులు ఊరందరినీ కొలిచారు. రోజుకు నాలుగుసార్లు అది ఈ గదిలోంచే పైకీ కిందికీ తిరిగింది. ఒక్కసారి 'కూచో' అనలేదు. భయపడ్డారు."

మేస్త్రి చేతిలో ఉన్న చెక్క అచ్చును తిప్పుతూ కూచున్నాడు. తల ఆకారంలో ఉండే ఆ చెక్కకు కళ్ళూ ముక్కూ లేవు.

"ఆపరేషనైన మర్నాడు గుర్తుందా? అందరం తల వైపు వెళ్ళాం. మీరు మంచం కాళ్ళ దగ్గర నిలబడి దుప్పటి సర్దుతూనే ఉన్నారు. నర్సు వచ్చి దుప్పటి బాగానే ఉందయ్యా అనేదాకా సర్దారు. పది నెలలైంది. మీరింకా ఆ కాళ్ళ దగ్గరే నిలబడి ఉన్నారు."

"చాల్లేవే."

"చాలదు. అది పట్టింపు మనిషి. 'మా అన్న నా తల ముట్టుకోడానికి అసహ్యించుకున్నాడు' అనుకుంటోంది. అందుకే ఆ టోపీ తియ్యకుండా మీ కళ్ళ ముందు తిరుగుతోంది. చూడు, నీ నిర్వాకం చూడు అని. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు, మన ఇంట్లో పెరటి మేస్త్రి టోపీకి పనికిరాలేదు. ఇప్పుడా కోపం ఆస్పత్రి మీదికి పోయింది. సోమవారం గనక అది వెళ్ళకపోతే…"

ఆవిడ వాక్యం పూర్తి చెయ్యలేదు. షట్టరు కింద రెండు కాళ్ళు ఆగి, టోపీ దుకాణం తెరవలేదేమిటా అన్నట్టు కాసేపు నిలబడి, వెళ్ళిపోయాయి.

"మీరే చెడగొట్టారు. మీరే బాగు చెయ్యాలి," అని ఆవిడ చీపురు తీసుకుని ఎక్కడా చెత్త లేని నేల ఊడవడం మొదలుపెట్టింది.

*

మేడ మెట్ల మీద చెల్లెలి కూతురు కూచుని ఉంది. పదహారేళ్ళ పిల్ల. ఒక్కచోట నిలవదని చిన్నప్పుడే 'పిచ్చుక' అని పేరు పడింది. ఇవాళ నిలిచింది.

"వెళ్ళకు మామయ్యా. నేను పిలిస్తేనే పలకలేదు."

"నామీద కోపం. నీమీద ఎందుకుంటుంది?"

పిల్ల మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుంది. "నిన్న ముందు వరసలో మొదట నవ్వింది నేనే. అమ్మ కావాలని చేస్తోందనుకున్నా. పూర్వం చేసేది కదా, నా టోపీ పెట్టుకుని దెయ్యం ఆట. పది నెలలనుంచి చెయ్యలేదు. మళ్ళీ మామూలైపోయింది అనుకుని నవ్వొచ్చేసింది మామయ్యా."

మేస్త్రి పిల్ల పక్కనుంచి జాగ్రత్తగా ఎక్కాడు.

తలుపు కొట్టాడు. "చిన్నీ."

మళ్ళీ కొట్టాడు.

"కిందికి రామ్మా. కొలత తీస్తాను."

లోపలినుంచి వినపడింది. "ఇప్పుడెందుకన్నయ్యా. పెళ్ళయ్యాక జాతకాలు చూసినట్టు."

"నాకోసం రా. తప్పు చేశాను. దిద్దుకోనీ."

"నువ్వేం తప్పు చెయ్యలేదు."

ఆ మాట అన్న తీరు ఆయనకు కొత్తగా తగిలింది. అందులో కోపం లేదు. ఓదార్పు ఉంది. కోపమైతే ఎలా తీర్చాలో ఆయనకు తెలుసు. చిన్నప్పుడు తల్లి పోయిన దగ్గరినుంచి ఆ పిల్ల అలకలన్నీ తీర్చినవాడు ఆయనే.

"రాకపోతే ఈ గుమ్మంలోనే కూచుంటా," అన్నాడు. "మీ వదినకు నేను దుకాణం తెరవలేదని ఇప్పటికే ఒళ్ళు మండుతోంది. నన్ను తన్నిస్తావో బతికిస్తావో నీ ఇష్టం."

గడియ తీసిన చప్పుడైంది.

*

దుకాణం వెనక గది. బల్ల మీద ఆవిరి కెటిలు, గోడ నిండా కాగితపు తలలు. చెల్లెలిని కుర్చీలో కూచోబెట్టి, ఎదురుగా ఉన్న అద్దాన్ని మేస్త్రి గోడవైపు తిప్పేశాడు. ముందు గదిలోకి తలుపు వేశాడు. అవతల బావ, భార్య, పిచ్చుక ఊపిరి కూడా మెల్లగా తీస్తూ కూచున్నారని ఆయనకు తెలుసు.

"భయపడ్డాను చిన్నీ," అన్నాడు. పట్టీ చింపుతూ, ఆమె వైపు చూడకుండా. "నీ తల మీద చెయ్యి వెయ్యాలంటే భయం వేసింది. కుట్లు తగులుతాయని. ఏదో అవుతుందని. వేల తలలు పట్టుకున్న చేతులివి. పాత పట్టీ ఉందిగా అని మనసును మభ్యపెట్టుకున్నా. అసహ్యం కాదు, నీ ఒట్టు."

టోపీ కిందినుంచి చిన్న నవ్వు వచ్చింది. సంతోషంతో వచ్చే నవ్వు కాదు.

"నువ్వు కొలుస్తానని పిలుస్తావేమోనని ఇరవై రోజులు ఈ గదిలోంచి పిల్లిలా నడిచానన్నయ్యా. పిలవకపోతే బతికాననుకున్నా."

ఆయనకు అర్థం కాలేదు. "అదేమిటే?"

చెల్లెలు రెండు చేతులతో టోపీ అంచు పట్టుకుంది. కొంచెం ఆగింది. తీసి ఒళ్ళో పెట్టుకుంది.

చాలీచాలని వానకు విత్తనం అక్కడక్కడా మొలిచిన చేను లాంటి తల. ఎడమ చెవి వెనక లాడం ఆకారంలో కుట్ల మచ్చ. ఆయన అనుకున్నంత భయంకరంగా ఏమీ లేదు. కళ్ళ కింద నలుపు మాత్రం నిద్ర లేనిది. ఇంతకేనా నేను పది నెలలు పారిపోయింది అనిపించి, ఆయనకు సిగ్గేసింది.

"కొలువు," అంది.

నుదురు మీద పట్టీ ఆనించాడు. కుడి చెవి మీదుగా తీసుకెళ్ళాడు. చదునుగా కూచుంది. వెనక గుంట దగ్గర బొటనవేలితో అదిమి, ఎడమకు తిప్పాడు.

అక్కడ పట్టీ కూచోలేదు. లేచింది.

చెయ్యి తప్పిందనుకుని మళ్ళీ చుట్టాడు. మళ్ళీ లేచింది. పట్టీ వదిలేసి వేళ్ళతో తడిమాడు. మేస్త్రి వేళ్ళకు ఎముకంటే తెలుసు, కొవ్వంటే తెలుసు, వాపంటే తెలుసు. లాడం మచ్చ కింద, సగం నిమ్మకాయంత ఎత్తు. మెత్తగా ఉంది.

మూడోసారి కొలవలేదు. చేతులు ఆమె తల మీదే ఉంచేశాడు.

"ఎప్పటినుంచి?"

"మూడు వారాలు. తల కడుక్కుంటుంటే చేతికి తగిలింది. మొదట ఉలవగింజంత. స్కార్ఫు కడితే ఓ పక్క ఎత్తు కనబడుతోంది. అద్దం ముందు నిలబడి ఎన్ని రకాలుగా కట్టినా కనబడుతోంది. అంతలో నీ టోపీ వచ్చింది." ఒళ్ళో ఉన్న టోపీ అంచును సవరించింది. "నువ్వు కొలిచుంటే అప్పుడే దొరికిపోయేదాన్ని. సరిపోయే టోపీ అయినా తల మీద బిగుసుకుని ఓ పక్కకు ఒరిగేది. నీ తప్పు నన్ను కాపాడింది."

"బావకు తెలియదా?"

"గోడవైపు తిరిగి పడుకుంటున్నాగా."

"నీరు చేరిందేమో చిన్నీ. ప్రతి వాపూ అదే అవ్వాలని లేదు."

"లేదు. అందుకే వెళ్ళనంటున్నా. వెళితే అదో కాదో చెప్పేస్తారు. వెళ్ళకపోతే రెండూ ఉంటాయి."

"పిచ్చి మాటలు మాట్లాడకు. నువ్వు వెళ్ళనంత మాత్రాన అది ఆగుతుందా?"

"ఆగదు. తెలుసు. మూడో తరగతి పిల్లలకు చెప్పేదాన్ని, నాకు తెలియదా?" గొంతు కొంచెం పైకి వెళ్ళబోయి, తలుపు గుర్తొచ్చి దిగింది. "అన్నయ్యా, వార్డు మెట్ల పక్కన సూదుల కోసం కూచునే కుర్చీలున్నాయి చూశావా? ఎదురుగా గోడ. నేను అక్కడ కూచునే రోజుల్లో ఆ గోడ మీద ఒకావిడ బొమ్మ ఉండేది. ఎవరో నాకు తెలియదు. చక్కగా నవ్వుతుండేది. ఆవిడ బాగైంది కదా, నేనూ అవుతానని రోజూ ఆవిడకేసి చూసి చెయ్యి చాపేదాన్ని సూదికి. ఒకరోజు వెళ్ళేసరికి బొమ్మ లేదు. నాలుగు మూలలా నాలుగు జిగురు మరకలు. ఎవరూ ఏమీ చెప్పలేదు. మేమూ అడగలేదు. ఆరోజు ఇద్దరు సూది వద్దని లేచి ఇంటికెళ్ళిపోయారు."

మేస్త్రి వదిలేసిన పట్టీని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"ఇప్పుడా జిగురు మరకల మీద నా బొమ్మ ఉంది. 'ఈమె బాగైంది.' నిన్న ఊరంతా టోపీలు పెట్టుకుంది నన్ను చూసి. ఆ కుర్చీల్లో కూచున్నవాళ్ళు నన్ను చూసి చెయ్యి చాపుతున్నారు. నేను మళ్ళీ ఏ మొహంతో ఆ కుర్చీలో కూచోను?"

ఇల్లు అలకగానే పండగ కాదని పెద్దలు ఊరికే అనలేదు. అయినా పోస్టరు వేసేవాళ్ళకు పండగే కావాలి. పాపం వాళ్ళదీ తప్పు కాదు, అలికిన ఇంటిని చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది.

"ఒక్క సాయం చెయ్యి," అంది చెల్లెలు. టోపీ ఆయన చేతిలో పెట్టింది. "లోపలి పట్టీ విప్పు. కుడి వైపు మెత్త పెట్టి బిగించు, ఎడమ వైపు వదులు చెయ్యి. బయటికి రెండు వైపులా ఒకేలా కనబడాలి. నిలబడి ఉండాలి, జారకూడదు. నువ్వు తలచుకుంటే చెయ్యగలవు."

చెయ్యగలడు. అదే ఆయనకు నరకంగా ఉంది. బట్టతలలు దాచాడు, సొట్టలు దాచాడు, ఒకాయన చెవి లేని సంగతి పెళ్ళివారికి కూడా తెలియకుండా దాచాడు. అరగంట పని. ఆవిరి పట్టి, ఫెల్టు గుడ్డ సాగదీసి, ఎడమన గూడు చేస్తే, ఆ నిమ్మకాయ అందులో పిట్టలా కూచుంటుంది. ఎవరికీ తెలియదు. అది పెరిగేదాకా.

"సోమవారం వస్తానంటే చేస్తా," అన్నాడు.

"బేరమా?"

"బేరమే."

"అమ్మ పోయాక నేను బువ్వ తినకపోతే ఇలాగే బేరాలాడేవాడివి."

"తినేదానివిగా."

చెల్లెలు కళ్ళు తుడుచుకుంది. "మీ బావకు చెప్పేస్తావా?"

ఆయన జవాబు చెప్పేలోగా తలుపు మీద దబదబ చప్పుడైంది. చెల్లెలి చేతులు ఆయన చేతిలోంచి టోపీ లాక్కున్నాయి. తలుపు తెరుచుకునేసరికి ఆమె మళ్ళీ రెండు పెదాలూ ఒక గడ్డమూ అయిపోయింది.

పిచ్చుక. చేతిలో ఫోను, వెనక వాళ్ళ నాన్న, ఆయన వెనక వదిన.

"అమ్మా, సంఘం సిస్టరు. మాట్లాడతావా?"

"నువ్వే విని చెప్పు."

పిల్ల విని, కొంచెం కొంచెంగా చెప్పింది. "వార్డులోకి కొత్తగా ఒకావిడ వచ్చిందట. నీకొచ్చిందే. ఆపరేషను వద్దని మొండికేసిందట, ఇంటికి పంపెయ్యమంటోందట… నిన్న నువ్వు టోపీతో నడిచింది ఎవరో ఫోనులో చూపిస్తే నవ్విందట. చేరాక నవ్వడం అదే మొదలట. ఆ మనిషి వచ్చి చెబితే సంతకం పెడతానందట. సోమవారం పొద్దున రాగలవా అని."

కెటిలు మూత టకటకమంటోంది. ఎవరూ దించలేదు.

"ఆవిడకి పిల్లలున్నారా అడుగు," అంది చెల్లెలు.

పిల్ల అడిగింది. "ఇద్దరట. చిన్నదానికి మూడేళ్ళట."

పెదాలు ఒకదాన్నొకటి నొక్కుకున్నాయి.

"వస్తానని చెప్పు."

మెకానిక్కు గోడకు చేరబడి గట్టిగా ఊపిరి వదిలాడు. పది నెలల్లో మొదటిసారి ఆయన గొంతు మట్టం తప్పింది. "బావా, ఏం మందు వేశారో గానీ… నేను రాత్రంతా బతిమాలినా కదలని మనిషి." కళ్ళొత్తుకుని నవ్వాడు. "అటు ఆవిడతో మాట్లాడెయ్, ఇటు మన స్కానింగూ అయిపోతుంది. ఒకే ప్రయాణం."

"ఊరూ పేరూ తెలియనివాళ్ళ కోసం కదులుతుంది, ఇంట్లోవాళ్ళ కోసం కదలదు," అంది వదిన ముక్కు ఎగబీలుస్తూ. "అన్నాచెల్లెళ్ళిద్దరిదీ ఒకే అచ్చు. ఉండండి, టీ పెడతా." పోతూ పోతూ, అద్దం గోడవైపు తిరిగి ఉండటం చూసి, దాన్ని గదివైపు తిప్పింది.

అద్దంలో ఊదారంగు టోపీ కనబడింది. పక్కన కాగితపు పట్టీ పట్టుకుని, దాని మీద పేరు రాయని మేస్త్రి.

"నేనావిడకి ఏం చెప్పాలి?" అంది చెల్లెలు. అందరినీ అడిగినట్టే ఉంది, టోపీ మాత్రం అన్నగారి వైపు తిరిగి ఉంది.

"ఏముంది అందులో," అన్నాడు మెకానిక్కు తేలిగ్గా. "నీకు ఎలా ఉందో ఉన్నదున్నట్టు చెప్పు. చాలు."

మేస్త్రి నోరు తెరిచాడు. టోపీ అంచు కింద చెల్లెలి పెదాలు, వద్దన్నట్టు, బిగుసుకున్నాయి.